ఉత్తరాలు తెచ్చిన చట్టాలు

మన వార్తాపత్రికల తెలుగులో 'అరెస్టు చేశారు' అనే ప్రయోగంతో పాటు 'అరెస్టు చూపించారు' అనే ప్రయోగం కూడా ఉన్నది. ఉద్యోగజీవితమంతా పిల్లలకు వ్యాకరణం చెప్పినవాడిని కనుక క్రియాపదాల మీదికి నా దృష్టి ముందుగా పోతుంది. చేయడం జరిగిన పని. చూపించడం ఆ పనిని నలుగురికీ ప్రదర్శించడం. ఈ రెండింటికీ నడుమ కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు కొన్ని రోజులు ఉంటాయి. ఆ నడిమి కాలానికి పత్రికలు పెట్టిన పేరు 'అదుపు'. మా మందమర్రి వైపు జనం ఇంకా సూటిగా 'పట్టుకపోయిండ్రు' అంటారు. పట్టుకపోవడానికీ చూపించడానికీ మధ్యనున్న ఆ లెక్కకు రాని గంటలే ఠాణాలో మనిషి ప్రాణానికి అన్నిటికంటె ప్రమాదకరమైనవి.

కస్టడీ అనే ఆంగ్లపదానికి మనకు సరియైన మాట లేదని కొందరంటారు. ఉన్నది. 'కావలి' అన్నది అచ్చమైన తెలుగు మాట. కాచు ధాతువునుండి పుట్టినది. కాచడమంటే పారిపోకుండ చూడడమే కాదు, చెడిపోకుండ, చచ్చిపోకుండ చూడడం కూడా. చేను కాచేవాడు, మంద కాచేవాడు, ఇల్లు కాచేవాడు, ఖైదీని కాచేవాడు అందరూ కావలివారే. తాకట్టు పెట్టుకున్న సేటు నగ పోతే ఎట్లా పోయిందో తాను చెప్పుకోవాలి గాని, నగ పెట్టినవాడు సాక్ష్యాలు వెదకి తెచ్చుకోనక్కరలేదు. మరి మనిషిని కాచేవాని చేతిలో మనిషి పోతే జవాబు చెప్పవలసినదెవరు? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ నూటడెబ్బై ఏళ్ళుగా మన దేశంలో చట్టాలు ఏర్పడుతూ వచ్చాయి. వాటిని ఒక వరుసలో పెట్టి చూచినప్పుడు నాకొక సంగతి తోచింది. వీటిలో చాలా భాగం పాలకులకు తమంతట తాము తోచి చేసినవి కావు. ఎవరో ఒకరు ఒక అర్జీయో, ఉత్తరమో వ్రాస్తే కదిలినవి. ఆ ఉత్తరాల చరిత్రే ఈ టపా.

తెలుగు సాహిత్యంలో చెఱసాల అనగానే కంచెర్ల గోపన్న జ్ఞాపకం వస్తాడు. పాల్వంచ పరగణా తహసీలుదారుగా వసూలు చేసిన సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ చెఱలో పడ్డాడని పరంపరగా వింటున్నాము. ఆయన కీర్తనలలో భక్తితోపాటు దెబ్బల బాధ ఉన్నది. చెఱలోనుండి రామునికీ సీతమ్మకూ పెట్టుకున్న అర్జీలుగా కూడా వాటిని చదువవచ్చును. ఆ హింసకు కారణం నేరం ఒప్పించడం కాదు, బాకీ రాబట్టడం. ఇది గుర్తుంచుకోదగిన విషయం. ఎందుకంటే తర్వాతి కథ కూడా పన్నుల బాకీతోనే మొదలవుతుంది.

చెన్నపట్టణంలో గాజుల లక్ష్మీనరసు సెట్టి అనే తెలుగు వర్తకుడుండేవాడు. 1844లో క్రెసెంట్ అనే పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించినవాడు ఆయనే. రైతులనుండి శిస్తు రాబట్టడానికి కింది ఉద్యోగులు పెట్టే చిత్రహింసల గురించి ఆ సంఘం ఇంగ్లండుకు అర్జీలు పంపింది. 1853లో డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసుకు వచ్చినప్పుడు లక్ష్మీనరసు సెట్టి ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు తిప్పి చూపించాడు. 1854 జూలైలో కామన్స్ సభలో ఈ విషయం మీద గట్టి చర్చ జరిగింది. దాని ఫలితంగా ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో విచారణ సంఘం ఏర్పడి 1855లో నివేదిక ఇచ్చింది. సంఘం ముందుకు దాదాపు రెండు వేల ఫిర్యాదులు వచ్చాయి. స్వయంగా వచ్చి చెప్పుకున్నవారు కొందరు, ఉత్తరాలు పంపినవారు కొందరు.

ఆ నివేదికలో నావంటి తెలుగు పండితుణ్ణి నిలబెట్టే చోటు ఒకటున్నది. మిక్కిలి వాడుకలో ఉన్న రెండు హింసలను పేర్కొంటూ వాటి తెలుగు పేర్లను ఆంగ్లలిపిలో ఇచ్చారు. ఒకటి వ్రేళ్ళను రెండు కర్రల నడుమ పెట్టి నొక్కడం. దానికిచ్చిన పేరు చదివితే 'చీరట' అని వస్తుంది. అది మన 'చిరత' అయి ఉంటుందని నా ఊహ. భజనలో జంటగా పట్టి వాయించే ఆ చెక్కలే. రెండవది మెడను కాళ్ళవైపు వంచి తాడుతో కట్టి గంటలకొద్దీ ఉంచడం. దాని పేరు 'గింగిరి'. భజన చేసే కర్రల పేరు హింసాసాధనానికి రావడం చూస్తే, ఆ పని ఎంత నిత్యకృత్యమైపోయిందో తెలుస్తుంది. ఊరివాళ్ళు దానికి ఒక ఇంటి పేరు పెట్టుకున్నారన్న మాట.

సంఘం తప్పంతా దేశీయులైన కింది ఉద్యోగుల మీదికి నెట్టి దొరలను నిర్దోషులుగా వదిలింది. అయినా నివేదిక వృథా కాలేదు. శిస్తు వసూలు చేసేవాని చేతిలోనే పోలీసు అధికారం కూడా ఉండడం అనర్థమని తేలి, 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతిలో 330, 331 సెక్షన్లు చేరాయి. నేరం ఒప్పించడానికి గాని సొత్తు జాడ చెప్పించడానికి గాని గాయపరిస్తే ఏడేళ్ళు, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ళు శిక్ష. సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణలలో మొట్టమొదటిది పోలీసు అధికారిదే. తరువాతి వాటిలో శిస్తు ఉద్యోగి కూడా ఉన్నాడు. చట్టం వ్రాసినవారికి ఎవరి గురించి వ్రాస్తున్నామో తెలుసు. 1872 సాక్ష్యచట్టం 25, 26 సెక్షన్లు పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదన్నాయి. ఒప్పుకోలుకు విలువే లేకపోతే కొట్టడం దండగ అని దాని వెనుక తర్కం.

అయితే ఆ వెంటనే 27వ సెక్షను ఒక కిటికీ తెరచి ఉంచింది. నిందితుడు చెప్పిన మాటవల్ల ఏదైనా వస్తువు బయటపడితే అంతవరకు ఆ మాట చెల్లుతుంది. అందుచేత నేటికీ ఠాణాలో అడిగేది 'దొంగిలించావా' అని కాదు, 'సొమ్ము ఎక్కడ దాచావు' అని. 1859 చట్టంలోనూ అటువంటి కిటికీ ఒకటున్నది. పోలీసులమీద కేసు పెట్టాలంటే మూడు నెలల లోపల పెట్టాలని 53వ సెక్షను. చిత్రహింసల నివేదిక తర్వాత పుట్టిన చట్టమే, నూరేళ్ళ తర్వాత ఒక అనుమానితుని చావు కేసులో ఆంధ్రప్రదేశ్ పోలీసులకు డాలుగా ఉపయోగపడింది. గడువు దాటిందని హైకోర్టులో వారికి అనుకూలమైన తీర్పు వచ్చింది. సుప్రీంకోర్టు 1963లో వేణుగోపాల్ కేసులో ఆ డాలును లాగివేసింది. మనిషిని కొట్టడం ఏ చట్టం కిందనూ చేసే పని కాదు గనుక ఆ చట్టం గడువు దానికి వర్తించదన్నది. సామాన్యుడికి వెంటనే తోచే ఈ మాట చట్టానికి తోచడానికి నూటనాలుగేళ్ళు పట్టింది.

ఇవన్నీ బ్రిటిష్ ఇండియా సంగతులు. మా ఊరు నిజాం రాజ్యంలోది. సంస్థానానికి వేరే చట్టాలు ఉండేవి. భారత శిక్షాస్మృతి, సాక్ష్యచట్టం మాకు 1951 ఏప్రిల్‌లో గాని వర్తించలేదు. అంతకు కొద్దిగా ముందు, 1950 జనవరి 26న, రాజ్యాంగం వచ్చింది. తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనక్కరలేదని 20వ అధికరణం, చట్టపద్ధతిలో తప్ప ప్రాణం తీయరాదని 21వ అధికరణం, పట్టుకున్నవాణ్ణి 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలపాలని 22వ అధికరణం చెప్పాయి. అక్షరాలు బాగానే ఉన్నవి. గడియారం మాత్రం పోలీసుల చేతిలో ఉన్నది. 24 గంటలు ఎప్పటినుండి లెక్క? పట్టుకపోయినప్పటినుండియా, చూపించినప్పటినుండియా?

ఈ ప్రశ్న మా జిల్లాలలో పుస్తకాల ప్రశ్నగా ఉండలేదు. 1978 జగిత్యాల జైత్రయాత్ర, ఆ ఏడే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, 1981 ఏప్రిల్ 20 ఇంద్రవెల్లి కాల్పులు, అదే ఏడు సింగరేణి కార్మికుల 56 రోజుల సమ్మె. ఆ దశాబ్దంలో కోల్‌బెల్టు కాలనీలలో రాత్రిపూట జీపు చప్పుడైతే ఇంటిల్లిపాదీ లేచి కూర్చునేవారు. చదువు వచ్చినవారి దగ్గరికి తెల్లవారుజామున తల్లులు వచ్చేవారు.

అట్లా ఒక తల్లి మా ఇంటికి వచ్చిన నాటి మాట చెబుతాను. ఏ ఠాణా, ఎవరు అన్నవి ఇక్కడ అనవసరం. "సారూ, ఒక కాయిదం రాసియ్యుండ్రి, పోరన్ని రాత్రి పట్టుకపోయిండ్రు" అన్నది. ఎన్ని గంటలకని అడిగితే ఆమెకు గంటల లెక్క తెలియదు. "రెండో షిఫ్టోళ్ళు బాయి దిగి ఇండ్లకొచ్చి పండుకున్నంక" అన్నది. నేను దానిని రాత్రి సుమారు ఒంటిగంట అని వ్రాశాను. చూచిన పక్కింటి ఇద్దరి పేర్లు, జీపు పోయిన దిక్కు వ్రాశాను. జిల్లా జడ్జిగారికి, కలెక్టరుగారికి తంతి కూడా ఇప్పించాము. తంతి ఎందుకంటే దానిమీద తపాలా కార్యాలయం వారు వేసిన తేదీ, వేళ ఉంటాయి. తర్వాత ఎవరూ ఆ వేళను వెనుకకు ముందుకు జరపలేరు. హక్కుల సంఘాల న్యాయవాదులు అందరికీ నేర్పిన ఉపాయం అది. నాలుగవ నాడు పిల్లవాడు కుంటుతూ ఇల్లు చేరాడు. మా తంతివల్లనే చేరాడని నేను చెప్పలేను. 2013 జూలైలో ఈ దేశంలో తంతి సేవ ముగిసిందని పత్రికలో చదివినప్పుడు మాత్రం అందరివలె నాకు పెళ్ళి శుభాకాంక్షలు గుర్తుకు రాలేదు, ఆ వేళ ముద్ర గుర్తుకు వచ్చింది.

ఇక ఉత్తరాలు చట్టాలను కదిలించిన కాలానికి వస్తాను.

1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక స్త్రీమీద అత్యాచారం జరిగింది. ఆమె భర్త, రిక్షా తొక్కే అహ్మద్ హుస్సేన్, పోలీసు దెబ్బలకు మరణించాడు. నగరం భగ్గుమన్నది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులు దోషులని తేల్చింది. ఆ తరువాత విచారణ కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారింది. 1981లో అందరూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. కమిషన్ నమ్మిన దానిని కోర్టు ఎందుకు నమ్మలేదు? కమిషన్‌కు నిజమేమిటో చెబితే చాలు. కోర్టులో మాత్రం ఫిర్యాది పక్షం సందేహానికి తావులేకుండ రుజువు చేయాలి. ఠాణా నాలుగు గోడల మధ్య జరిగినదానికి పోలీసులు తప్ప సాక్షులెవరు?

మా ఊరిమీదుగా పోయే కాజీపేట రైలు మార్గం ఉత్తరాన బల్హార్షా చేరుతుంది. దానిని దాటితే చాందా. అప్పట్లో ఆ జిల్లాలో ఉన్న దేశాయిగంజ్ ఠాణాలో 1972లో ఒక ఆదివాసి బాలికమీద జరిగిన అత్యాచారం మథుర కేసుగా దేశానికి తెలిసింది. 1978లో సుప్రీంకోర్టు పోలీసులను వదలివేసింది. అప్పుడు ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి ఒక బహిరంగ లేఖ వ్రాశారు. ఆ లేఖతో దేశవ్యాప్తంగా మహిళల ఉద్యమం లేచింది. 1983లో సాక్ష్యచట్టంలో 114ఏ సెక్షను చేరింది. కస్టడీలో జరిగిన అత్యాచారం కేసులో సంబంధం రుజువై, తాను సమ్మతించలేదని ఆమె చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలి. కాదని చూపవలసిన బరువు నిందితునిది. చదువరులు ఈ సెక్షనును గుర్తుంచుకోవాలి. కస్టడీలోనున్న మనిషి మానం విషయంలో మన చట్టం రుజువు బరువును కావలివాని భుజం మీదికి మార్చింది. ప్రాణం విషయంలో మార్చలేదు.

నష్టపరిహారం సంగతి. 1964లో కస్తూరిలాల్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఒక బంగారం వర్తకుని గోడు వచ్చింది. మీరట్ పోలీసులు అతని బంగారం పట్టుకొని ఠాణాలో పెట్టారు. కాపలా ఉన్న హెడ్ కానిస్టేబులే దానితో పాకిస్తానుకు ఉడాయించాడు. అరెస్టు, స్వాధీనం సార్వభౌమాధికారానికి చెందిన పనులు కనుక ప్రభుత్వం బాధ్యత వహించనక్కరలేదని తీర్పు. సేటుకున్న బాధ్యత సర్కారుకు లేదన్న మాట. ఈ సిద్ధాంతాన్ని మనిషి ప్రాణం దగ్గర అడ్డుకున్నది మన తెలుగు కేసే. 1977 మే 5 రాత్రి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద ప్రత్యర్థులు బాంబులు వేశారు. లోపలనున్న చల్లా చిన్నపరెడ్డి మరణించాడు, కుమారుడు గాయపడ్డాడు. తమకు ప్రాణభయమున్నదని వారు ముందే అధికారులకు చెప్పుకొని ఉన్నారు. ఎవరూ వినలేదు. 1989లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 21వ అధికరణమిచ్చిన ప్రాణహక్కు ముందు సార్వభౌమత్వపు సాకు నిలువదని చెప్పి 1,44,000 రూపాయలు ఇప్పించింది. 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. ఇరవైమూడేళ్ళు.

ఈలోగా ఒడిశానుండి ఒక తల్లి ఉత్తరం వచ్చింది. నీలావతి బెహరా అనే ఆమె కొడుకు సుమన్‌ను 1987 డిసెంబరు 1న పోలీసులు పట్టుకపోయారు. మరునాడు శవం రైలుపట్టాల మీద దొరికింది. తప్పించుకొని పారిపోతూ రైలు కింద పడ్డాడన్నారు. 1988 సెప్టెంబరులో ఆమె సుప్రీంకోర్టుకు వ్రాసిన ఉత్తరాన్నే న్యాయస్థానం పిటిషనుగా తీసుకున్నది. పోలీసుల కథ నమ్మదగినది కాదని తేల్చి 1993 మార్చిలో లక్షన్నర రూపాయలు ఇప్పించింది. ఆ సొమ్ము పెద్దది కాదు. ఠాణాలో పోయిన ప్రాణానికి పరిహారం దయాధర్మం కాదు, రాజ్యాంగహక్కు అన్న సూత్రం పెద్దది.

అంతకు రెండేళ్ళ ముందే, 1986 ఆగస్టు 26న, పశ్చిమ బెంగాల్ న్యాయసహాయ సంస్థకు చెందిన డి.కె. బసు పత్రికలలో వచ్చిన లాకప్ చావుల వార్తలను జతపరచి ప్రధాన న్యాయమూర్తికి ఒక లేఖ వ్రాశాడు. పదేళ్ళ తర్వాత, 1996 డిసెంబరు 18న, దాని మీద వచ్చిన తీర్పే నేటికీ మనకు ప్రధాన రక్షణ. పట్టుకునే పోలీసు పేరు కనబడేటట్లు పట్టీ పెట్టుకోవాలి. పట్టుకున్న చోటనే తేదీ, వేళ వేసి పత్రం వ్రాయాలి. దానిమీద ఇంటివారో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం, పట్టుబడినవాని సంతకం ఉండాలి. బంధువుకు కబురు చేయాలి. ఒంటిమీది గాయాలు అప్పుడే వ్రాసుకోవాలి. 48 గంటలకొకసారి వైద్యునిచేత చూపించాలి. వకీలును కలవనివ్వాలి. ఈ పత్రాలన్నీ మేజిస్ట్రేటుకు పంపాలి. పరికించి చూడండి, ఇవన్నీ మా ఊరి తల్లులు అర్జీలలో వ్రాయించిన సంగతులే. ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరు చూడగా. తల్లి వ్రాయించిన అర్జీని పోలీసులే వ్రాసి ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినట్లయింది. చేయడానికీ చూపించడానికీ మధ్యనున్న సందును మూయడానికి పన్నిన ఉపాయమిది. వీటిలో కొన్ని 2009 సవరణతో శాసనంలోకే ఎక్కాయి.

మిగిలినవి త్వరగా చెబుతాను. 1993లో ఏర్పడిన జాతీయ మానవహక్కుల సంఘం, కస్టడీ చావు జరిగిన 24 గంటలలో తనకు తెలపాలని ఆ డిసెంబరులోనే ఆదేశించింది. శవపరీక్షను వీడియో తీయాలని 1995లో ముఖ్యమంత్రులకు లేఖలు వ్రాసింది. మన రాష్ట్రంలోని ఎన్‌కౌంటర్ చావులపై పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదుల వల్లనే 1997 మార్చి 29న అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు వెళ్ళాయి. 2005 సవరణ ప్రకారం కస్టడీ చావుమీద న్యాయ మేజిస్ట్రేటు స్వయంగా విచారణ చేయాలి. అంతకుముందు ఆ పని రెవెన్యూ అధికారుల చేతిలో ఉండేది. ఠాణాలన్నిటా సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అవి పనిచేయడం లేదన్న వార్తలు చూచి 2025 సెప్టెంబరులో తానే మళ్ళీ విచారణ చేపట్టింది.

ఇన్ని రక్షణల తర్వాత మా పక్కనే ఏమి జరిగినదో చూద్దాము. మందమర్రినుండి దక్షిణానికి పోయి గోదావరి దాటితే పాత కరీంనగర్ జిల్లా. 2020 మే 26న మంథని ఠాణాలో ఒక వ్యక్తి మరణించాడు. అడవిజంతువులకు కరెంటు తీగలు పెట్టాడన్న ఆరోపణ మీద తెచ్చినవాడు. ఉరివేసుకున్నాడని పోలీసులు చెప్పారు. న్యాయవాది పి.వి. నాగమణి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం వ్రాసింది. హైకోర్టు దానిని ప్రజాహిత వ్యాజ్యంగా తీసుకొని, స్థానిక పోలీసులు కాకుండ హైదరాబాదు నగర పోలీసు కమిషనరు విచారించాలన్నది. ఆత్మహత్యయేనని ఆయన నివేదిక ఇచ్చారు. 2021 ఫిబ్రవరి 17న నాగమణి, ఆమె భర్త, న్యాయవాది గట్టు వామనరావు మంథనినుండి కారులో వస్తుండగా కల్వచర్ల దగ్గర నడిరోడ్డున పట్టపగలు హత్యకు గురయ్యారు. వారి హత్యకు ఈ కేసే కారణమని నేననడం లేదు. వారు నడిపిన వ్యాజ్యాలు అనేకం. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ హత్యల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. నేను చెప్పదలచినది ఒక్కటే. ఉత్తరం వ్రాసేవారిని కాపాడుకోలేని చోట, ఉత్తరాలమీద నిలిచిన చట్టం ఎంతకాలం నిలుస్తుంది?

ఆ తర్వాత 2021 జూన్‌లో అడ్డగూడూరు ఠాణాలో ఒక దళిత మహిళ మరణించింది. ముగ్గురు పోలీసులను కొలువునుండి తొలగించారు. 2023 ఫిబ్రవరిలో మెదక్‌లో మరొకరు. సీసీ కెమెరాలో కనిపించిన దొంగ పోలికలు ఉన్నాయని పట్టుకున్న మనిషి. ఆసుపత్రి మంచం మీదనుండి తనను కొట్టిన తీరు వీడియోలో చెప్పి కన్నుమూశాడు. హైకోర్టు తానే కేసు చేపట్టింది. ఈ కాలపు తంతి ఆ వీడియో.

ఒక లెక్క చెప్పి ముగింపుకు వస్తాను. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2001 నుండి 2020 వరకు ఇరవై ఏళ్ళలో 1,888 మంది పోలీసు కస్టడీలో మరణించారు. పోలీసులమీద నమోదైన కేసులు 893. అభియోగపత్రం 358 మంది మీద. శిక్షపడినది 26 మంది పోలీసులకు. చట్టాలు లేక కాదు ఈ తేడా. రుజువు బరువు అక్కడే ఉండిపోవడంవల్ల.

ఈ బరువు సంగతి బొగ్గుబాయి ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. 1952 నాటి గనుల చట్టం 23వ సెక్షను మా ఊళ్ళో దశాబ్దాలపాటు నడిచిన ధర్మం. బాయిలో బండ పడి మనిషి పోతే యాజమాన్యం వెంటనే నోటీసు ఇవ్వాలి. తనిఖీ అధికారి వచ్చేదాకా, లేదా 72 గంటలదాకా, ప్రమాదస్థలాన్ని కదిలించరాదు. విచారించేవాడు కంపెనీ మనిషి కాదు, బయటి మనిషి. పరిహారానికి కార్మికుని భార్య కంపెనీ తప్పును రుజువు చేయనక్కరలేదు. పనిలో ఉండగా పోయాడంటే చాలును. ఎందుకట్లా? బాయి చీకటిది. లోపల ఏమి జరిగిందో బయటివారికి తెలియదు. లోపలివన్నీ యాజమాన్యం చేతిలో ఉన్నవి. కనుక జవాబు యాజమాన్యమే చెప్పాలి. అందరికీ ఒప్పుదలైన ఈ న్యాయం ఠాణాకు ఎందుకు వర్తించదు? అదీ చీకటిదే. అక్కడ చచ్చినవాడు తన ఇష్టంతో దిగినవాడు కూడా కాడు.

ఇది నా సొంత ఊహ కాదు. రామ్‌సాగర్ యాదవ్ కేసులో 1985లో సుప్రీంకోర్టే రుజువు బరువును మార్చే విషయం ఆలోచించమన్నది. అదే ఏడు లా కమిషన్ తన 113వ నివేదికలో 114బి అనే సెక్షనును ప్రతిపాదించింది. కస్టడీలో గాయమైతే, కస్టడీలో ఉంచుకున్న అధికారే చేసినట్లు కోర్టు భావించవచ్చును. 2017లో 273వ నివేదికలో మళ్ళీ చెప్పింది. చిత్రహింసల వ్యతిరేక అంతర్జాతీయ ఒడంబడికమీద 1997 అక్టోబరులో భారతదేశం సంతకం చేసింది, నేటికీ ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు రాజ్యసభ సెలెక్టు కమిటీ దాకా పోయి అక్కడనే మురిగిపోయింది. 2024 జూలై 1న శిక్షాస్మృతి న్యాయసంహిత అయింది. 330, 331 సెక్షన్లు కలసి 120వ సెక్షను అయ్యాయి. సాక్ష్యచట్టం సాక్ష్య అధినియమమయింది. 25, 26, 27 సెక్షన్లు కలసి 23 అయ్యాయి. పేర్లన్నీ మారాయి, అంకెలన్నీ మారాయి. 114బి మాత్రం రాలేదు.

పోలీసులు కూడా పౌరులే, వారిని ముందుగానే దోషులనుకోవడం న్యాయమా అని కొందరు మిత్రులు అడుగవచ్చును. ప్రశ్న సబబైనదే. కాని ఆ ప్రతిపాదనలోని మాట 'భావించవచ్చును' అని, 'భావించి తీరవలెను' అని కాదు. అధికారి తన లెక్క తాను చెప్పుకుంటే ఆ భావన తొలగిపోతుంది. వేళ వేసిన పత్రం, గాయాల పత్రం, వైద్యుని చీటీ, కెమెరా దృశ్యం అన్నీ అతని దగ్గరే ఉంటాయి గదా. నిజాయితీగా కాచినవానికి లెక్క చెప్పడం కష్టం కాదు.

అంతవరకు మనకు మిగిలినవి ఉత్తరాలే. పదవ తరగతి పరీక్షలో లేఖారచనకు మార్కులున్నవి. నేను పిల్లలచేత వ్రాయించినవన్నీ సెలవు చీటీలు, విహారయాత్ర వర్ణనలు. ఇప్పుడు పాఠం చెప్పే ఉపాధ్యాయ మిత్రులు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక మనవి. ఏడాదికి ఒక్కసారి ఒక అర్జీ వ్రాయించండి. ఎవరిని, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎక్కడినుండి, ఎవరు చూడగా అన్న అయిదు సంగతులు అందులో ఉండాలి. వేళ తప్పకుండ వేయించండి. గడియారం తెలియకపోతే ఏ షిఫ్టు వారు బాయి దిగి వచ్చిన వేళయో వ్రాసినా చాలును.